ఖాళీ అనుకున్న నేల: అమెరికా ప్రెయిరీ నవలలను చదవడం

ప్రెయిరీ అంటే ఫ్రెంచి భాషలో పచ్చికబయలు. ఉత్తర అమెరికా నడిబొడ్డున, మిసిసిపీ నదీ పరీవాహక ప్రాంతం నుంచి పడమట రాకీ పర్వతాల పాదాల దాకా పరచుకున్న గడ్డిమైదానాలను చూసిన తొలి ఫ్రెంచి యాత్రికులు తమకు తెలిసిన ఆ చిన్న మాటనే వాటికి పేరుగా పెట్టగా, అదే ఇంగ్లీషులోనూ స్థిరపడింది. వానలు ఎక్కువగా పడే తూర్పు భాగంలో గడ్డి మనిషి తలను మించి ఎదిగేది; పడమటికి పోయేకొద్దీ వానతోపాటు గడ్డి ఎత్తు కూడా తగ్గుతూ వచ్చేది. పైకి కనిపించే గడ్డికంటే నేల అడుగున అల్లుకున్న వేళ్లే ఎక్కువ. కొన్ని రకాల వేళ్లు రెండు మూడు మీటర్ల లోతుకు దిగి, వేల సంవత్సరాలుగా అక్కడే చివికి, ప్రపంచంలోని అతి సారవంతమైన నల్లనేలల్లో ఒకదాన్ని తయారుచేశాయి. వాగుల గట్ల వెంట తప్ప చెట్టు కనిపించని ఆ మైదానాన్ని, తూర్పు రాష్ట్రాల అడవుల నుంచీ ఐరోపా పల్లెల నుంచీ బండ్లు కట్టుకుని వచ్చినవారు చూసినప్పుడు వారికి తోచిన మొదటి మాట ఒక్కటే: ఇది ఖాళీ నేల.

19వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఆ మైదానంలో స్థిరపడిన కుటుంబాల కథను చెప్పిన నవలల్లో విల్లా కేథర్, ఓలే రోల్వాగ్, లారా ఇంగాల్స్ వైల్డర్ రచనలు ముందు వరుసలో నిలుస్తాయి. కష్టాలకు ఎదురొడ్డి గెలిచిన మనుషుల కథలుగా వీటిని చదవడం చాలాకాలంగా వస్తున్న అలవాటు. ఆ చదువులో తప్పు లేదు గాని, అది సగం చదువు. ఖాళీగా కనిపించిన నేలను ఇంటిగా మార్చుకోవడానికి ఎవరు ఎంత మూల్యం చెల్లించారన్న లెక్క ఈ నవలలన్నింటి అడుగునా నడుస్తూనే ఉంటుంది. కొన్ని పద్దులను రచయితలే నిజాయితీగా రాశారు, కొన్నింటిని రాయకుండా వదిలేశారు. రాసినవాటిని, వదిలేసినవాటిని పక్కపక్కన పెట్టి చూసే పాఠకులనే ఈ పుస్తకాలు పూర్తిగా లోనికి రానిస్తాయి.

చట్టం గీసిన గళ్లు

ఈ నవలల్లోని ప్రతి కుటుంబం వెనుకా ఒక చట్టం ఉంది. 1862 మే 20న అధ్యక్షుడు అబ్రహాం లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం, 21 ఏళ్లు నిండినవారు గాని, కుటుంబానికి పెద్దగా ఉన్నవారు గాని 160 ఎకరాల ప్రభుత్వ భూమికి దరఖాస్తు పెట్టుకుని, అందులో ఇల్లు కట్టుకుని, ఐదేళ్లపాటు కాపురముండి సాగుచేస్తే, మొత్తం సుమారు 18 డాలర్ల రుసుముతో ఆ భూమికి పట్టా పొందవచ్చు. పెళ్లికాని స్త్రీలకూ, వితంతువులకూ, పౌరసత్వం తీసుకుంటామని ప్రకటించిన విదేశీయులకూ కూడా ఈ అవకాశం ఉండటం వల్ల స్వీడన్, నార్వే, జర్మనీ, ఇప్పటి చెక్ దేశంలో భాగమైన బొహీమియా నుంచి కుటుంబాలకు కుటుంబాలే తరలివచ్చాయి. ప్రభుత్వం నుంచి విస్తారంగా భూములు పొందిన రైల్వే కంపెనీలు ఐరోపాలో ప్రచారం చేసి ఈ వలసను మరింత పెంచాయి. ఈ చట్టం కింద కాలక్రమంలో సుమారు 16 లక్షల మందికి దక్కిన భూమి 27 కోట్ల ఎకరాలు. అది అమెరికా విస్తీర్ణంలో దాదాపు పదోవంతు.

అంతకుముందే సర్వే అధికారులు ఆ మైదానాన్ని మైలు పొడవు, మైలు వెడల్పు గల చదరపు గళ్లుగా విభజించారు. 640 ఎకరాల ఒక్కో గడిని సెక్షన్ అనేవారు, అందులో నాలుగోవంతే ఒక కుటుంబానికి దక్కే 160 ఎకరాలు. వానలు సమృద్ధిగా కురిసే అయోవా వంటి చోట్ల ఆ భూమి ఒక కుటుంబానికి చాలేది గాని, ఏడాదికి 20 అంగుళాల వాన కూడా సరిగా పడని పడమటి భాగంలో చాలేది కాదు. పొడి ప్రాంతాలకు ఈ కొలత పనికిరాదని భూగర్భ శాస్త్రవేత్త జాన్ వెస్లీ పోవెల్ 1878లోనే నివేదిక ఇచ్చినా, నాగలి నడిచిన చోటికి వాన తనంత తానే వస్తుందన్న ప్రచారాన్నే జనం ఎక్కువగా నమ్మారు. నవలల్లో పదే పదే కనిపించే అప్పులు, తాకట్లు, వదిలేసిన పొలాలు ఆయా పాత్రల చేతగానితనం వల్ల వచ్చినవి కావనీ, వాటి మూలం ఈ కొలతలోనే ఉందనీ తెలిసిన పాఠకులు కథను వేరే కళ్లతో చూస్తారు.

కొత్తగా వచ్చినవారికి మొదటి సమస్య ఇల్లు. కలప లేదు, రాయి అరుదు. అందుకని ప్రత్యేకమైన నాగలితో వేళ్లతో సహా పచ్చిక పొరను పట్టీలుగా చీల్చి, ఇటుకల్లా కోసి, గడ్డి వైపు కిందికి ఉండేలా పేర్చి గోడలు కట్టేవారు. మట్టిపెళ్లల ఈ ఇల్లు వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉండేది గాని, వాన వెలిశాక కూడా కప్పు నుంచి బురదనీరు కారుతూనే ఉండేది. పొయ్యిలోకి ఎండిన పేడ, మొక్కజొన్న బెండ్లు, తాళ్లలా పేనిన ఎండుగడ్డి వాడేవారు. గడ్డిమైదానాన్ని చీల్చి బతకాలని వచ్చినవారు ఆ గడ్డిలోనే నివసించి, ఆ గడ్డినే కాల్చుకుని చలి కాచుకోవడం ఈ సాహిత్యానికి పునాదిగా నిలిచిన వాస్తవం.

విల్లా కేథర్: నేలే నాయకురాలు

1873లో వర్జీనియాలో పుట్టిన విల్లా కేథర్, తొమ్మిదేళ్ల వయసులో, 1883లో కుటుంబంతో నెబ్రాస్కాకు వచ్చి, రెడ్ క్లౌడ్ అనే చిన్న పట్టణంలో పెరిగారు. తర్వాత పిట్స్‌బర్గ్‌లోనూ న్యూయార్క్‌లోనూ పత్రికల్లో పనిచేసి, నలభయ్యో ఏట ప్రచురించిన 'ఓ పయనీర్స్!' (1913) నవలతో తన చిన్ననాటి నేలను సాహిత్యంలోకి తెచ్చారు. పొలాల్లో పనిచేసే స్వీడిష్, చెక్ వలసదారులు గంభీరమైన నవలకు తగిన మనుషులు కారని సాహిత్యలోకం భావిస్తున్న కాలంలో ఆమె ఆ పని చేయడం సాహసమే.

ఆ నవలలో స్వీడన్ నుంచి వచ్చిన జాన్ బెర్గ్‌సన్ చనిపోతూ, కొడుకులను కాదని కూతురు అలెగ్జాండ్రా చేతుల్లో పొలం పెడతాడు. వరుస కరువులకు ఇరుగుపొరుగు భూములు అమ్ముకుని వెళ్లిపోతుంటే, తమ్ముళ్లు కూడా అదే దారి పడదామని పట్టుపట్టినా, ఆమె ఇతర ప్రాంతాల పొలాలను స్వయంగా చూసివచ్చి, లెక్కలు వేసుకుని, ఉన్న భూమిని తాకట్టు పెట్టి మరింత భూమి కొంటుంది. పదహారేళ్ల తర్వాత ఆ ప్రాంతంలో ఆమెదే గొప్ప కమతం. కేథర్ ఈ విజయాన్ని కండబలానికి ఆపాదించలేదు. నేలను జయించాలనుకున్నవారు ఓడిన చోట, దాని స్వభావాన్ని ప్రేమతో అర్థం చేసుకున్న మనిషి నిలిచిందని చూపారు. అయితే నేల స్వభావం అంతగా తెలిసిన అలెగ్జాండ్రాకు తన ఇంట్లో పెరిగిన చిన్న తమ్ముడు ఎమిల్ మనసులో రగులుతున్న ప్రేమ తెలియలేదు. ఆ ప్రేమ రెండు ప్రాణాలు తీసేదాకా వెళుతుంది. పొలం పెరిగిన ఏళ్లలో మనుషులకు దక్కవలసిన శ్రద్ధ ఎక్కడికి పోయిందన్న ప్రశ్నతోనే నవల విషాదం నిండుతుంది.

1918లో వచ్చిన 'మై ఆంటోనియా', అంటే 'నా ఆంటోనియా', ఈ కోవలో శిఖరం వంటిది. బొహీమియా నుంచి వచ్చిన షిమెర్డా కుటుంబంలోని ఆంటోనియా కథను, ఆమెతో కలిసి పెరిగి, తర్వాత రైల్వే కంపెనీకి న్యాయవాదిగా మారిన జిమ్ బర్డెన్ జ్ఞాపకాలుగా చెబుతాడు. ఆమె తండ్రి సంగీతమంటే ప్రాణమిచ్చే నేతపనివాడు. ఊరూ స్నేహితులూ దూరమైన బెంగతో, మొదటి చలికాలంలోనే మంచులో కూరుకుపోయిన పొలంలో తుపాకితో ప్రాణం తీసుకుంటాడు. కేథర్‌కు తెలిసిన ఆనీ సాడిలెక్ అనే చెక్ యువతి ఆంటోనియాకు మూలం. ఆమె తండ్రి 1881 చలికాలంలో అలాగే ఆత్మహత్య చేసుకున్నాడు. నవలలో ఆయన్ను శ్మశానంలోకి రానివ్వకపోవడంతో పొలం మూలన, రెండు సర్వే గీతలు కలిసే చోట పూడుస్తారు. తర్వాత ఆ గీతల వెంట రోడ్లు పడినప్పుడు అవి సమాధిని తొక్కకుండా కాస్త పక్కకు ఒంగి సాగిపోతాయి. చుట్టూ అంతా దున్నబడినా, ఆ చిన్న చదరంలో మాత్రం మొదటినాటి ఎర్రగడ్డి కోతపడకుండా నిలిచి ఉంటుంది. సర్వే గీత, సమాధి, ఆదిమ గడ్డి కలిసిన ఈ ఒక్క దృశ్యంలో ప్రెయిరీ చరిత్ర మొత్తం ఇమిడి ఉంది.

ఈ నవలను చదివేటప్పుడు శీర్షికలోని 'నా' అన్న మాటను మరవకూడదు. చెప్పేది ఆంటోనియా కాదు; చదువుకుని, పట్టణానికి పోయి, స్థిరపడిన మగవాడు ఆమెను తన గతానికి గుర్తుగా మలచుకుంటున్నాడు. పొలంలో మగవాళ్లతో సమానంగా దున్ని, పట్టణంలో ఇళ్లలో పనిచేసి, నమ్మినవాడి చేతిలో మోసపోయి, చివరికి పెద్ద కుటుంబానికి తల్లిగా తోటలు పెంచుకున్న ఆ స్త్రీ తన కథను తానే చెప్పి ఉంటే ఏయే ఘట్టాల దగ్గర ఆగేదో పాఠకులు ఊహించుకోవలసి ఉంటుంది. కేథర్ ఆ అవకాశాన్ని కావాలనే వదిలారు.

రోల్వాగ్: బేరెట్ భయం

ఓలే ఎడ్వర్ట్ రోల్వాగ్ 1876లో నార్వేలోని డొన్నా దీవిలో, బెస్త కుటుంబంలో పుట్టి, 1896లో అమెరికాకు వలసవెళ్లి, మిన్నెసోటాలోని సెయింట్ ఓలాఫ్ కళాశాలలో ఆచార్యులయ్యారు. ఆయన ప్రసిద్ధ నవల 'జెయింట్స్ ఇన్ ది ఎర్త్' అమెరికాలోనే పుట్టినా ఇంగ్లీషులో పుట్టలేదు. 1924, 1925 సంవత్సరాల్లో నార్వేలో, నార్వేజియన్ భాషలో రెండు భాగాలుగా వెలువడి, 1927లో ఇంగ్లీషులోకి వచ్చింది. డకోటాలో తొలినాళ్లలో స్థిరపడిన తన భార్య తరఫు పెద్దల అనుభవాలు ఆయనకు ముడిసరుకయ్యాయి.

కథ 1873లో మొదలవుతుంది. పేర్ హన్సాకు డకోటా నేల కల నిజమైన చోటు. కొత్త ఇల్లు, కొత్త పొలం, కొత్త రాజ్యం అతని కళ్లముందు కదులుతుంటాయి. అతని భార్య బేరెట్‌కు మాత్రం దాక్కోవడానికి చెట్టు చాటైనా లేని ఆ చోటు దేవుడు కూడా మరచిపోయిన ప్రదేశంగా తోస్తుంది. కిటికీకి గుడ్డ కట్టి చీకటిని అడ్డుకోవాలని చూసే ఆమె, మిడతల దండు పైరు మీద పడిన రోజున స్వదేశం నుంచి తెచ్చిన పెద్ద పెట్టెలో పిల్లలతో సహా దాక్కుంటుంది. ఆ మిడతలు కల్పన కావు. 1870లలో రాకీ పర్వతాల మిడతలు సూర్యుణ్ని కప్పేసేంత దండుగా వచ్చి మిన్నెసోటా నుంచి కాన్సస్ దాకా పైర్లను తుడిచిపెట్టాయి. అంత సంఖ్యలో ఉన్న ఆ జాతి, సాగు వల్ల గుడ్లు పెట్టే లోయలు మారిపోయి అంతరించిందని శాస్త్రజ్ఞులు భావిస్తారు. సజీవంగా చివరిసారి దొరికింది 1902లో.

వలస సాహిత్యంలో మనోవ్యథను ఇంత లోతుగా తవ్విన నవలలు తక్కువ. సాహసం చేసేవాడి కలను అతని పక్కనున్న మనిషి ఎంత ధరకు మోయవలసి వస్తుందో బేరెట్ పాత్ర చెబుతుంది. చివరకు ఆమె పట్టుదల మీదే, మరణశయ్య మీదున్న మిత్రుడి కోసం పాదిరీని తీసుకురావడానికి మంచు తుపానులోకి బయలుదేరిన పేర్ హన్సా తిరిగిరాడు. వసంతంలో మంచు కరిగాక, ఒక పాత గడ్డివాము దగ్గర పడమటికి చూస్తూ కూర్చున్నట్టున్న అతని శవం పిల్లలకు కనిపిస్తుంది. ఈ నవలకు కొనసాగింపుగా రోల్వాగ్ రాసిన పుస్తకాల్లో ఇంట్లో నార్వేజియన్, బడిలో ఇంగ్లీషు మధ్య నలిగే తర్వాతి తరం కథ ఉంది. పరాయి దేశాల్లో పిల్లలను పెంచుతున్న తెలుగు కుటుంబాలకు ఆ పేజీలు తమ ఇంటి సంగతిలాగే తోస్తాయి.

వైల్డర్: బాల్యపు కాంతి, దాని నీడ

1867లో విస్కాన్సిన్‌లో పుట్టిన లారా ఇంగాల్స్ వైల్డర్ తన మొదటి పుస్తకాన్ని 1932లో, 65 ఏళ్ల వయసులో ప్రచురించారు. మైదానాలు దుమ్ము తుపానుల్లో మునిగి, దేశం ఆర్థిక మాంద్యంలో ఉన్న ఆ కాలంలో, 1943 వరకు వరుసగా వచ్చిన ఆమె ఎనిమిది పుస్తకాలు పాఠకులకు ధైర్యం చెప్పాయి. రచయిత్రి అయిన కూతురు రోజ్ వైల్డర్ లేన్ వీటిని తీర్చిదిద్దడంలో పెద్ద పాత్ర వహించారు. వెన్న చిలకడం, తలుపుకు కొయ్య గడియ చేయడం, బావి తవ్వడం వంటి పనులను అంచెలంచెలుగా వర్ణించే తీరు వీటికి ప్రాణం. 'ది లాంగ్ వింటర్' (1940) చెప్పేది 1880-81 నాటి నిజమైన చలికాలం. రైళ్లు నెలల తరబడి రాక, డి స్మెట్ పట్టణంలోని జనం గోధుమలను కాఫీ గింజలు విసిరే మరలో విసురుకుని రొట్టె కాల్చుకున్న ఆ కథలో ఆకలి అన్న మాట అరుదుగా వచ్చినా, ప్రతి పేజీలో ఆకలే ఉంటుంది.

ఈ కాంతి వెనుక వదిలేసిన పద్దులూ ఉన్నాయి. తొమ్మిది నెలలకే చనిపోయిన లారా తమ్ముడు ఈ పుస్తకాల్లో లేడు. కుటుంబం అప్పుల్లో ఉండి అయోవాలో హోటల్ పనిచేసిన కాలం లేదు. ఆమె మొదట పెద్దల కోసం రాసుకున్న ఆత్మకథ 2014లో 'పయనీర్ గర్ల్' పేరుతో అచ్చయ్యాక ఈ సంగతులు సామాన్య పాఠకులకూ అందాయి. ఎవరి సాయమూ లేకుండా నిలబడిన కుటుంబంగా కనిపించే ఆ ఇంటికి పొలం ఇచ్చింది ప్రభుత్వమే, చూపు పోయిన అక్క మేరీ చదువుకు డబ్బు కట్టింది డకోటా ప్రాంత ప్రభుత్వమే.

ఖాళీ ఎవరి కళ్లకు?

అన్నిటికంటే పెద్ద పద్దు మూలవాసులది. 'లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయిరీ' (1935)లో ఇంగాల్స్ కుటుంబం ఇల్లు కట్టుకున్న కాన్సస్ భూమి ప్రభుత్వ బంజరు కాదు. ఒసేజ్ జాతికి ఒప్పందం ద్వారా మిగిలిన నేల. 1869లో అక్కడికి వచ్చిన ఆ కుటుంబం, వేలమంది ఇతరుల్లాగే, చట్టం దృష్టిలో ఆక్రమణదారు. ఒసేజ్ ప్రజలు కొద్దికాలానికే ఇప్పటి ఓక్లహోమాకు తరలిపోవలసి వచ్చింది. ఆ పుస్తకం తొలి ముద్రణలో, అక్కడ మూలవాసులు తప్ప మనుషులు లేరన్న అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉండేది. ఒక పాఠకుడి అభ్యంతరం మీద వైల్డర్ తన పొరపాటును ఒప్పుకోగా, 1953 ముద్రణలో 'మనుషులు' అన్న చోట 'వలసదారులు' అన్న మాట చేరింది. 2018లో అమెరికా బాలల గ్రంథాలయ సంఘం తన ప్రతిష్ఠాత్మక పురస్కారం నుంచి ఆమె పేరును తొలగించింది. పుస్తకాలను మాత్రం ఆ సంఘం నిషేధించలేదు.

మిగతా ఇద్దరి నవలల్లోనూ ఇదే మౌనం వేర్వేరు స్థాయిల్లో వినిపిస్తుంది. కేథర్ పెరిగిన రెడ్ క్లౌడ్ పట్టణానికి లకోటా నాయకుడి పేరే పెట్టారు. ఆ చుట్టుపక్కల తరతరాలుగా ఉన్న పానీ జాతివారు ఆమె రావడానికి పదేళ్లలోపే నెబ్రాస్కాను వదిలిపోవలసి వచ్చింది. 'మై ఆంటోనియా'లో వారు ఒక్క చోటే జాడగా మిగిలారు: ఒకనాడు గుర్రాలు తిరిగిన పెద్ద వలయం, తొలి మంచు పలచగా పడినప్పుడు గడ్డిలో స్పష్టంగా తేలి కనిపిస్తుంది. రోల్వాగ్ నవలలో పేర్ హన్సా తన పొలం పక్కనున్న దిబ్బ మీద మూలవాసి సమాధిని గుర్తిస్తాడు. ఎవరిదీ కాదనుకున్న నేలలో తనకంటే ముందే ఎవరో నిద్రిస్తున్నారన్న ఆ ఎరుక కథ మీద నీడలా పరచుకుంటుంది.

ఈ మౌనాన్ని పూరించే పుస్తకాలు కూడా ఉన్నాయి. రైల్వేలో పోర్టరుగా పనిచేసి, దక్షిణ డకోటాలో పొలం సంపాదించుకున్న నల్లజాతి రచయిత ఆస్కార్ మిషో ఆ అనుభవంతో 'ది హోమ్‌స్టెడర్' (1917) రాసి, రెండేళ్లకే దాన్ని చలనచిత్రంగా తీశారు. బానిసత్వం నుంచి బయటపడిన జాతి బిడ్డ సొంత నేల కోసం కన్న కల అది. ఆయనకు దొరికిన భూమి లకోటా ప్రజల రోజ్‌బడ్ రిజర్వేషన్ నుంచి విడదీసినది కావడం ఆ చరిత్రలోని బాధాకరమైన ముడి. ఒజిబ్వే మూలాలున్న లూయీజ్ ఎర్డ్రిక్ 'ది బర్చ్‌బార్క్ హౌస్' (1999)తో మొదలుపెట్టిన బాలల నవలల వరుసలో 1847 నాటి ఒమకాయస్ అనే బాలిక ఇంటిని, ఆటలను, మశూచి తెచ్చిన దుఃఖాన్ని చూపారు. వైల్డర్ పుస్తకం పక్కన ఈ పుస్తకం పెట్టి చదివితే, ఒకే శతాబ్దంలో రెండు ఇళ్లు కనిపిస్తాయి. ఒకటి కట్టబడుతుంటే మరొకటి కదిలిపోతున్నదని అర్థమవుతుంది.

కొత్తగా ఈ సాహిత్యంలోకి అడుగుపెట్టే పాఠకులకు 'మై ఆంటోనియా' మంచి తలుపు. అక్కడి నుంచి రోల్వాగ్‌కు వెళితే వెలుగు వెనుక చీకటి తెలుస్తుంది. పిల్లలతో వైల్డర్‌ను చదివే ఇంట్లో ఎర్డ్రిక్ కూడా ఉండటం అవసరం. కథ నెమ్మదిగా నడిచే చోట తొందరపడకూడదు, ఎందుకంటే గడ్డి రంగు మారడాన్నీ, గాలి దిశనూ వర్ణించే ఆ పేజీల్లోనే ఈ రచయితలు ఖాళీని చూడటం నేర్పుతారు.

ఒకప్పుడు సముద్రంలా ఉన్న ఎత్తుగడ్డి ప్రెయిరీలో నేటికి మిగిలింది నూటికి నాలుగు వంతులకు మించదు. రెడ్ క్లౌడ్‌కు దక్షిణాన, కేథర్ పేరు మీద 600 ఎకరాలకు పైగా ప్రెయిరీ నేలను కాపాడుతున్నారు. అంతకంటే చిన్న ముక్కలు కొన్ని రైలు కట్టల పక్కనా, తొలి వలసదారుల పాత శ్మశానాల్లోనూ బతికి ఉన్నాయి. మృతులను పూడ్చిన నేల కాబట్టి అక్కడ నాగలి దిగలేదు. షిమెర్డా సమాధి మీది ఎర్రగడ్డిని కల్పించిన రచయిత్రి ఒక వాస్తవాన్నే చూసి రాశారు: ఆ మైదానంలో వచ్చినవారి దుఃఖం ఎక్కడ నేలలో కలిసిందో, అక్కడే వారికంటే ముందునాటి నేల కూడా దక్కింది.